ఆపిల్ చెట్టు వేరు, వేలం వేసిన శ్మశానం

అమెరికా ఈశాన్య మూలన ఉన్న మసాచుసెట్స్, కనెక్టికట్, రోడ్ ఐలండ్, న్యూ హాంప్‌షైర్, వర్మాంట్, మెయిన్ రాష్ట్రాలను కలిపి న్యూ ఇంగ్లండ్ అంటారు. మూడు వందల ఏళ్ల నాటి సమాధులు ఇక్కడ ఊరూరా ఉన్నాయి. వాటిని వరసగా చూస్తూ పోతే ఒక సంగతి తెలిసిపోతుంది. మనిషిని ఎక్కడ పూడ్చారన్నది చాలాసార్లు అతను బతికుండగా ఏ చర్చికి పన్ను కట్టాడో, ఏ చర్చికి కట్టనన్నాడో దాన్నిబట్టే ఉండేది.

కట్టనన్నవాళ్లలో ముందు వరసలో నిలిచింది బాప్టిస్టులు. పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వకూడదు, తెలిసి నమ్మినవాళ్లకే నీళ్లలో ముంచి ఇవ్వాలి, దేవుడి సంగతుల్లో సర్కారు తలదూర్చకూడదు. వాళ్లు చెప్పింది ఇంతే. ఇంతమాత్రానికే కొరడా దెబ్బలు తిన్నారు, జైలుకు వెళ్లారు, పొలాలు పోగొట్టుకున్నారు. ఆ కథలో నన్ను బాగా పట్టేసుకున్న విశేషాలు ఇవి.

సమాధిలో దొరికిన వేరు

అమెరికాలో తొలి బాప్టిస్టు సంఘం పెట్టినవాడిగా రోజర్ విలియమ్స్‌కు పేరు. మసాచుసెట్స్ పాలకులు ఆయన్ని వెళ్లగొడితే, 1636లో నారగాన్సెట్ తెగ పెద్దల దగ్గర నేల తీసుకుని ప్రావిడెన్స్ ఊరికి పునాది వేశాడు. 1638లో అక్కడ సంఘం మొదలైంది. ఆయన మాత్రం అందులో కొన్ని నెలలే ఉన్నాడు. అపొస్తలుల కాలం నాటి అధికారం ఇప్పుడు ఏ సంఘానికీ లేదన్న ఆలోచనలో పడి బయటికి వచ్చేశాడు. అయినా ఎవరి మనస్సాక్షి వారిదన్న మాట మీద చివరిదాకా నిలబడ్డాడు.

1683లో చనిపోయినప్పుడు ఆయన్ని సొంత స్థలంలోనే, ఇంటి వెనక పూడ్చారు. పేరు చెక్కిన రాయి లేదు. కాలక్రమంలో ఆ చోట ఆపిల్ చెట్టు పెరిగింది. 1860లో వారసుల్లో ఒకరైన స్టీఫెన్ రాండాల్, పెద్దాయనకు తగిన స్మారకం కట్టాలని ఆ చోటు తవ్వించాడు. శరీరం దాదాపు మొత్తం మట్టిలో కలిసిపోయింది. దొరికింది ఆపిల్ వేరు. తల ఉండాల్సిన చోట లోపలికి దిగి, వెన్నెముక పొడవునా సాగి, తుంటి దగ్గర రెండుగా చీలి, పాదాల దగ్గర పైకి వంగి ఉంది. ఆ వేరును పారెయ్యలేదు. రోడ్ ఐలండ్ హిస్టారికల్ సొసైటీ వారు దాన్ని ప్రావిడెన్స్‌లోని జాన్ బ్రౌన్ హౌస్ మ్యూజియంలో ఈనాటికీ జాగ్రత్తగా ఉంచారు. సమాధి మట్టిని తొలుత నార్త్ బరియల్ గ్రౌండ్‌లో రాండాల్ కుటుంబ సమాధిలో పెట్టారు. తర్వాత 1930లలో ప్రాస్పెక్ట్ టెర్రస్ పార్కులో నిలిపిన ఆయన విగ్రహం కిందికి చేర్చారు.

పొలాల్లో సమాధులు ఎందుకు?

మసాచుసెట్స్ ఊళ్లకు ఒక పద్ధతి ఉంది. ఊరి నడుమ పన్ను డబ్బుతో నడిచే ప్రార్థనామందిరం, దానికి దగ్గర్లో ఊరందరి శ్మశానం. పక్కనే ఉన్న రోడ్ ఐలండ్‌లో సర్కారు చర్చి అన్నదే లేదు. కాబట్టి చర్చి పక్కన పూడ్చాలన్న కట్టుబాటూ రాలేదు. ఎవరి పొలంలో వాళ్లు, కంచె పక్కనో గట్టు మీదో తమవాళ్లను పూడ్చుకున్నారు. ప్రావిడెన్స్ ఊరు పుట్టిన అరవై నాలుగేళ్లకు, 1700లో గానీ అక్కడ ఉమ్మడి శ్మశానం ఏర్పడలేదు.

అందుకే ఆ చిన్న రాష్ట్రంలో ఇప్పుడు లెక్కకెక్కిన చారిత్రక శ్మశానాలే 3 వేలకు పైగా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక నంబరు, దారి పక్కన చిన్న బోర్డు. నాలుగు రాళ్లు మాత్రమే ఉన్న కుటుంబ శ్మశానానికీ నంబరు తప్పదు. ఊరి అనుమతి లేకుండా వాటికి 25 అడుగుల లోపు నేల తవ్వకూడదని రాష్ట్ర చట్టం. భూమి ఎన్ని చేతులు మారినా సమాధి జోలికి వెళ్లకూడదన్నమాట. ఈ చట్టమంటే నాకు ఎంతో గౌరవం.

ప్రావిడెన్స్ నడిబొడ్డున బెనిఫిట్ స్ట్రీట్ మీద ఇళ్ల మధ్య అలాంటిదే ఒకటుంది. అది పార్డన్ టిలింగ్‌హాస్ట్ కుటుంబానిది. వర్తకం చేసుకుంటూనే ప్రావిడెన్స్ బాప్టిస్టు సంఘానికి కాపరిగా ఉన్నాడాయన. దేవుడి పనికి జీతం పుచ్చుకోకూడదన్నది ఆయన నియమం. మొదటి అరవై ఏళ్లు ఆ సంఘానికి సొంత కప్పు లేదు. ఇళ్లలోనో చెట్ల కిందనో కూడేవాళ్లు. 1700లో ఈయనే సొంత డబ్బుతో తొలి మందిరం కట్టించి, తర్వాత సంఘానికి రాసిచ్చాడు.

ముప్ఫై దెబ్బలు

1651 జులైలో రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ నుంచి ముగ్గురు బాప్టిస్టులు మసాచుసెట్స్‌లోని లిన్ ఊరికి వెళ్లారు. జాన్ క్లార్క్, ఓబదయా హోమ్స్, జాన్ క్రాండాల్. చూపు పోయిన ఒక ముసలాయన తన ఇంటికి వచ్చి ప్రార్థన చెయ్యమన్నాడు. ప్రార్థన నడుస్తుండగానే అధికారులు వచ్చి ముగ్గురినీ పట్టుకుపోయారు. క్లార్క్‌కు 20 పౌన్లు, క్రాండాల్‌కు 5, హోమ్స్‌కు 30 పౌన్ల జరిమానా వేశారు. కట్టకపోతే కొరడా.

స్నేహితులు డబ్బు కడతామన్నారు. హోమ్స్ ఒప్పుకోలేదు. కడితే తప్పు చేశానని ఒప్పుకున్నట్టేనని ఆయన వాదన. సెప్టెంబరులో బోస్టన్‌లో అందరి ముందూ మూడు పాయల కొరడాతో ముప్ఫై దెబ్బలు కొట్టారు. కొట్టించిన అధికారులతోనే ఆయన, మీరు నన్ను గులాబీలతో కొట్టినట్టుంది అన్నాడని చెబుతారు. వీపు ఆనించలేక ఎన్నో రోజులు మోకాళ్ల మీద, మోచేతుల మీద ఒరిగి నిద్రపోయాడట. తర్వాత న్యూపోర్ట్ సంఘానికి కాపరి అయ్యాడు. 1682లో చనిపోతే సొంత పొలంలోనే పూడ్చారు. ఇప్పుడది మిడిల్‌టౌన్‌లో ఉంది. అబ్రహాం లింకన్ ఈ హోమ్స్ వంశంలోని వాడే.

జాన్ క్లార్క్ సంగతి కూడా చెప్పాలి. ఆయన ఇంగ్లండులో ఏళ్ల తరబడి ఉండి, 1663లో రెండో చార్లెస్ రాజు చేత రోడ్ ఐలండ్‌కు శాసనపత్రం రాయించాడు. మత విషయాల్లో విభేదించినందుకు ఎవరినీ శిక్షించకూడదన్న హామీ అందులో ఉంది. అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘం ప్రావిడెన్స్‌దా, క్లార్క్ నడిపిన న్యూపోర్ట్‌దా అన్న వాదన చాలాకాలం సాగింది.

హార్వర్డ్ తొలి అధ్యక్షుడు ఉద్యోగం వదులుకున్నది దీనికే

హెన్రీ డన్‌స్టర్ 1640లో హార్వర్డ్ కాలేజీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. పసివాళ్లకు బాప్తిస్మం సరికాదని ఆయనకు అనిపించి, 1653లో తన బిడ్డకు ఇప్పించడానికి నిరాకరించాడు. నోరు మూసుకుని ఉంటే కొలువు ఉండేది. ఆయన ఉండలేదు, 1654లో రాజీనామా చేశాడు. ఐదేళ్లకు సిచ్యుయేట్ ఊళ్లో చనిపోయాడు. సమాధి మాత్రం కేంబ్రిడ్జ్‌లో, హార్వర్డ్‌కు ఎదురుగా ఉన్న పాత శ్మశానంలోనే ఉంది.

ఆయన్ని దగ్గరగా ఎరిగిన థామస్ గూల్డ్ 1665లో బోస్టన్ ప్రాంతంలో తొలి బాప్టిస్టు సంఘం మొదలుపెట్టాడు. వాళ్లు గుట్టుగా మందిరం కట్టుకుంటే 1680లో సర్కారు దాని తలుపులకు మేకులు కొట్టించింది. ఆ సంఘం ఇంకా ఉంది. ఇప్పుడు వాళ్లు కూడుకుంటున్న రాతి భవనం గోపురం మీది శిల్పాలు, లిబర్టీ విగ్రహం చేసిన ఫ్రెంచి శిల్పి బార్తోల్డీ రూపకల్పనే.

శ్మశానాన్ని వేలం వేశారు

ఇది చదివినప్పుడల్లా మనసు మండుతుంది. పశ్చిమ మసాచుసెట్స్ కొండల్లో యాష్‌ఫీల్డ్ అని ఒక ఊరు. అడవి కొట్టి ఆ ఊరికి మొదట వచ్చి స్థిరపడింది బాప్టిస్టులు. చిలియాబ్ స్మిత్ వాళ్లకు పెద్ద, ఆయన కొడుకు ఎబెనీజర్ కాపరి. తర్వాత వచ్చిన కాంగ్రిగేషనల్ చర్చివాళ్లు, అంటే సర్కారు చర్చివాళ్లు, ఊళ్లో తమ చర్చి పెట్టి, దాని ఖర్చు కోసం అందరి మీదా పన్ను వేశారు. సొంత మందిరం, సొంత కాపరి ఉన్న బాప్టిస్టులు, మాది కాని చర్చికి మేమెందుకు కట్టాలన్నారు.

1770లో వాళ్ల భూములు వేలానికి పెట్టారు. దాదాపు 400 ఎకరాలు అసలు విలువలో ఏ కొద్ది వంతుకో పోయాయి. అందులో ఒకరి ఇల్లూ పళ్లతోటా ఉన్నాయి. వాళ్ల శ్మశానం కూడా ఉంది. పెంచి పోషించినవాళ్లను పూడ్చుకున్న నేలను, వాళ్లు నమ్మని చర్చి ఖర్చు కింద జమ చేసుకున్నారు.

బాప్టిస్టులు ఊరుకోలేదు. అర్జీ లండన్ దాకా వెళ్లింది. ఈ పన్ను వసూలుకు వీలిచ్చిన చట్టాన్ని 1771లో మూడో జార్జి రాజు కొట్టేశాడు. అమెరికన్లు స్వేచ్ఛ కోసం రాజు మీద తిరగబడబోతున్న రోజుల్లో, ఈ బీద రైతులకు స్థానిక పాలకుల నుంచి రక్షణ ఇచ్చింది ఆ రాజే. ఈ పోరాటంలో ముందు వరసలో నిలిచి, తర్వాత దాన్ని గ్రంథస్థం చేసింది మిడిల్‌బరో కాపరి ఐజక్ బాకస్. చర్చి పన్ను కట్టనన్నందుకు ఆయన తల్లి 1752లో కనెక్టికట్‌లో జైలుకు వెళ్లింది. వితంతువు, పెద్దావిడ.

కనెక్టికట్‌లో సర్కారు చర్చి 1818 దాకా ఉంది. మసాచుసెట్స్‌లో 1833 దాకా.

560 కిలోల జున్నుముద్ద

1802 జనవరి 1న ప్రెసిడెంట్ జెఫర్సన్ బల్ల ముందు రెండు బాప్టిస్టు బృందాల సంగతులు ఒకేసారి ఉన్నాయి. మొదటిది కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టుల ఉత్తరం. మా మతహక్కులు మాకు సర్కారు దయగా ఇస్తున్నట్టున్నాయి, హక్కుగా కాదు అని వాళ్ల ఫిర్యాదు. చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ ఉండాలన్న ప్రసిద్ధమైన మాట జెఫర్సన్ రాసింది ఆ ఉత్తరానికి జవాబులోనే. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లోకి ఎక్కిన మాట అది.

రెండోది మసాచుసెట్స్‌లోని చెషైర్ ఊరి నుంచి వచ్చిన చీజ్. ఊళ్లో ఆవుల పాలన్నీ పోగుచేసి, ఆపిల్ రసం తీసే పెద్ద మరలో అదిమి, 1,235 పౌన్ల ముద్ద చేశారు. అంటే సుమారు 560 కిలోలు. ఆ ఊరి బాప్టిస్టు కాపరి జాన్ లీలాండ్ దాన్ని మంచు బండి మీదా పడవ మీదా తీసుకుని వాషింగ్టన్ చేరాడు. ఇందులో బానిసల చెమట ఒక్క చుక్క కూడా లేదని ఊరివాళ్ల గర్వం. జెఫర్సన్ కానుకలు ఉచితంగా పుచ్చుకోడు కాబట్టి 200 డాలర్లు ఇచ్చాడు. లీలాండ్ 1841లో చనిపోయాడు, సమాధి చెషైర్‌లోనే ఉంది. ఆ చీజ్ మరకు కూడా ఊళ్లో ఒక స్మారకం కట్టారు.

పని లేని వడ్రంగులు కట్టిన గోపురం

టీ పెట్టెలను సముద్రంలో పారేసినందుకు బ్రిటిషువాళ్లు 1774లో బోస్టన్ రేవు మూసేశారు. ఓడలు కట్టే వడ్రంగులకు పని పోయింది. అదే సమయంలో ప్రావిడెన్స్‌లోని తొలి బాప్టిస్టు సంఘం కొత్త మందిరం మొదలుపెట్టింది. వడ్రంగులు అక్కడికి చేరారు. 80 అడుగుల చదరం, 1,200 మంది పట్టే హాలు. 185 అడుగుల గోపురాన్ని మూడున్నర రోజుల్లో ఎత్తి నిలబెట్టేశారు. 1775 మే నెలలో ప్రతిష్ఠ జరిగింది. ఆ రోజుకు సంఘంలో ఉన్నవాళ్లకంటే హాలు ఎన్నో రెట్లు పెద్దది. ఎందుకంటే బాప్టిస్టులు పెట్టిన కాలేజీ (ఇప్పటి బ్రౌన్ యూనివర్సిటీ) పట్టాల పండగ కూడా అక్కడే జరపాలనుకున్నారు. నేటికీ ఆ ఆనవాయితీ సాగుతోంది.

సోదరుడి రాయి చెక్కిన బానిస

న్యూపోర్ట్‌లో కామన్ బరీయింగ్ గ్రౌండ్ అనే పెద్ద శ్మశానం ఉంది. ఆ నేల 1640లో ఊరికి ఇచ్చింది బాప్టిస్టు కాపరి జాన్ క్లార్కే. ఉత్తరం వైపు ముక్కను గాడ్స్ లిటిల్ ఏకర్ అంటారు. అక్కడున్నవి ఆఫ్రికన్ల సమాధులు, కొందరు బానిసలుగా బతికినవాళ్లు, కొందరు విడుదలైనవాళ్లు. అమెరికాలో ఆ కాలం నాటి ఆఫ్రికన్ల సమాధిరాళ్లు ఇన్ని ఒకేచోట నిలిచి ఉండటం చాలా అరుదు. న్యూపోర్ట్ అప్పట్లో బానిసల వ్యాపారానికి పెద్ద రేవు. మనస్సాక్షి స్వేచ్ఛకు శాసనం రాయించుకున్న ఊరే మనుషులను కొని అమ్మింది. ఆ నిజం పక్కన పెట్టి ఈ ఊరి గొప్ప చెప్పుకోవడం సరికాదు.

ఆ రాళ్లలో చాలావాటిని చెక్కింది థేమ్స్ స్ట్రీట్‌లోని జాన్ స్టీవెన్స్ షాపు. పాంప్ స్టీవెన్స్ అనే బానిస అక్కడ శిల్పి. 1768లో తన సోదరుడు కఫీ గిబ్స్ చనిపోతే రాయి తానే చెక్కి, ఇది చెక్కింది నేనని తన పేరు కూడా పెట్టాడు. సొంత శరీరం మీద హక్కు లేని మనిషి తన పని మీద పేరు నిలుపుకున్నాడు. ఆ షాపు పెట్టింది 1705లో. చేతులు మారినా ఇప్పటికీ అక్కడే రాతి పని జరుగుతోంది. ఆర్లింగ్టన్ శ్మశానంలో ప్రెసిడెంట్ కెన్నడీ సమాధి దగ్గరి అక్షరాలు చెక్కింది కూడా ఆ షాపువాళ్లే.

బోస్టన్‌లో నల్లజాతి బాప్టిస్టులు థామస్ పాల్ కాపరిగా 1806లో సొంత మందిరం కట్టుకున్నారు. న్యూ ఇంగ్లండ్ బానిసత్వ వ్యతిరేక సంఘం 1832 జనవరిలో పుట్టింది ఆ గోడల మధ్యే. ఆ భవనం ఇప్పుడు మ్యూజియం.

శనివారం బాప్టిస్టులు

విశ్రాంతి దినం శనివారమేనని నమ్మి న్యూపోర్ట్ సంఘం నుంచి కొందరు 1671లో విడిపోయారు. అమెరికాలో సెవెన్త్ డే బాప్టిస్టులకు అదే మొదలు. వాళ్లు 1730లో కట్టిన మందిరం చెక్కుచెదరకుండా న్యూపోర్ట్ హిస్టారికల్ సొసైటీ ఆవరణలో ఉంది. గవర్నరుగా పనిచేసిన శామ్యూల్ వార్డ్ ఈ శాఖవాడే. స్వాతంత్ర్య ప్రకటన తయారయ్యే ముందు, 1776 మార్చిలో ఫిలడెల్ఫియాలో మశూచితో పోయాడు. ఆయన అవశేషాలు 1860లో న్యూపోర్ట్‌కు వచ్చాయి.

రాయి మీద బొమ్మ మారింది

పాత పలకరాళ్ల మీద రెక్కలున్న కపాలం కనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం గడిచేకొద్దీ కపాలం కాస్తా రెక్కల పసిముఖం అయింది. ఆ శతాబ్దం చివరికి కలశం మీదికి వాలిన విల్లో చెట్టు వచ్చింది. జేమ్స్ డీట్జ్ అనే పురావస్తువేత్త సహచరుడితో కలిసి 1960లలో ఈ మార్పును ఊరూరా లెక్కగట్టి, బొమ్మను చూసి కాలం చెప్పొచ్చని నిరూపించాడు. చాలా సమాధుల్లో పాదాలు తూర్పుకు ఉంటాయి, పునరుత్థానం నాడు లేచి తూర్పున ఉదయించే వెలుగును చూడాలని. తల దగ్గర పెద్ద రాయి, కాళ్ల దగ్గర చిన్న రాయి. మంచంలా అన్నమాట.

చెస్ట్‌నట్ హిల్ చర్చి వెనక

రోడ్ ఐలండ్‌లోని ఎక్సెటర్ ఊళ్లో చెస్ట్‌నట్ హిల్ బాప్టిస్టు చర్చి వెనక ఒక సమాధిరాయిని ఇనప పట్టీతో బిగించారు. ఒకసారి దొంగిలించారు కాబట్టి. అది మెర్సీ బ్రౌన్ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయిది. ఆమె తల్లి, అక్క క్షయతో పోయారు. 1892 జనవరిలో మెర్సీ కూడా పోయింది. అన్న ఎడ్విన్ మంచాన పడ్డాడు. చనిపోయినవాళ్లలో ఎవరో వీడి ప్రాణం పీలుస్తున్నారని ఊళ్లోవాళ్లు తండ్రిని ఒప్పించి, మార్చి 17న సమాధులు తెరిపించారు. తల్లీ అక్కా ఎముకలుగా మిగిలారు. మెర్సీ శరీరం చెడలేదు. చలికి నేల గడ్డకట్టినప్పుడు శవాలను ఉంచే రాతి గదిలో రెండు నెలలుగా ఉంది మరి. డాక్టరు ఇదంతా మామూలేనని చెప్పినా వినలేదు. గుండె తీసి కాల్చి, ఆ బూడిద ఎడ్విన్‌కు తాగించారు. రెండు నెలల్లో అతనూ పోయాడు. అప్పటికి శాస్త్రవేత్త కాక్ క్షయ క్రిమిని కనిపెట్టి పదేళ్లయింది. ఆ వార్త ఆ పల్లెలో ఎవరికీ ఆసరా కాలేకపోయింది. ఈ కథను దయ్యాల కథగా చెప్పుకుంటారు. బిడ్డలను ఒక్కొక్కరినీ పోగొట్టుకుంటూ, ఏం చెయ్యాలో తెలియక ఊరి మాటకు తలొగ్గిన తండ్రి కథ అది.

ఒక్కొక్కరిది ఒక్కో తీరం

మసాచుసెట్స్‌లోని మాల్డెన్‌లో పుట్టిన అడోనిరామ్ జడ్సన్ 1812 ఫిబ్రవరిలో సేలం రేవు నుంచి బయల్దేరాడు. ఓడెక్కినప్పుడు కాంగ్రిగేషనల్ మిషనరీ. దారిలో బాప్తిస్మం గురించి చదివి చదివి మనసు మార్చుకుని, ఆ సెప్టెంబరులో కలకత్తాలో ముంచే బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత బర్మాలో బతుకంతా గడిపాడు. మొదటి భార్య ఆన్ సమాధి బర్మాలో ఉంది. రెండో భార్య సారాది సెయింట్ హెలీనా ద్వీపంలో. మూడో భార్య ఎమిలీది న్యూయార్క్ రాష్ట్రంలోని హామిల్టన్‌లో. 1850 ఏప్రిల్‌లో ఓడ మీద చనిపోయిన జడ్సన్‌ను సముద్రంలోనే విడిచారు.

ఆయన బాప్టిస్టు కావడంతోనే అమెరికా బాప్టిస్టులు విదేశీ మిషను కోసం 1814లో ఒక్కటయ్యారు. 1835లో శామ్యూల్ డే దంపతులు బోస్టన్‌లో ఓడెక్కి తెలుగు నేలకు వచ్చింది ఆ మిషను తరఫునే. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరులో నిలదొక్కుకున్నారు.

న్యూటన్ సమాధి, నెల్లూరు తార

బోస్టన్ పక్కనున్న న్యూటన్ శ్మశానంలో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ సమాధి ఉంది. అమెరికాలో బడిపిల్లలంతా పాడే ‘అమెరికా’ దేశభక్తి గీతం 1831లో రాసింది ఈ బాప్టిస్టు కాపరే. తెలుగువాళ్లకు ఆయనతో ఇంకో సంబంధం ఉంది. 1853లో ఆల్బనీలో జరిగిన మిషను సభలో, ఫలితం లేని నెల్లూరు కేంద్రాన్ని మూసేద్దామన్న చర్చ వచ్చింది. పటం మీద అది ఒంటరి తారలా ఉందని ఎవరో అన్నారు. స్మిత్ ఆ రాత్రే ‘లోన్ స్టార్’ అనే పద్యం రాశాడు. మర్నాడు సభలో చదివితే జనం కదిలిపోయారు. నెల్లూరు నిలిచింది.

అప్పుడు నెల్లూరులో ఉన్నది మెయిన్‌లో పుట్టి బ్రౌన్‌లో చదివిన లైమన్ జువెట్. 1854 కొత్త సంవత్సరం తెల్లవారుజామున ఆయన, భార్య, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశారు. దాన్ని నేటికీ ప్రార్థన కొండ అంటారు. ఆ ఒంగోలుకు 1866లో మిషనరీ జాన్ క్లౌ వచ్చాడు. 1876-78 ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి.